మాట్లాడుకోవడం నేర్పిన భాగ్యరెడ్డి వర్మ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మొదట అంబేద్కర్ గారి గురించి రాద్దామనుకున్నాం. కానీ ఆయన గురించి ఏటా ముగ్గురో నలుగురో రాస్తారు, రాయాలి కూడా. మేము మాత్రం ఈసారి హైదరాబాద్ గడ్డ మీద పుట్టి, అంబేద్కర్ గారు ప్రజాజీవితంలోకి రాకముందే పని మొదలుపెట్టిన మాదరి భాగ్యరెడ్డి వర్మ గారిని ఎంచుకున్నాం.

దీనికి ఇంకో కారణం ఉంది. మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక రాత్రి వర్గీకరణ మీద వాదన లేచింది. వాదన తిట్లలోకి దిగింది. తెల్లారేసరికి మెస్సులో రెండు వరసలయ్యాయి. ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకున్న వాళ్ళం నెలరోజులు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆ నెలంతా పప్పు నీళ్ళలా వచ్చినా అడిగినవాడు లేడు. అడగాలంటే అందరం కలిసి వెళ్ళాలి కదా! భాగ్యరెడ్డి వర్మ గారి జీవితం మేము మొదటిసారి చదివింది ఆ రోజుల్లోనే. చదవడానికి ఎవరూ చెప్పలేదు, గదిలో మాట్లాడేవాళ్ళు లేక లైబ్రరీకి పోయి కూర్చుంటే దొరికింది.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు భాగయ్య. పేరులో రెడ్డి, వర్మ చూసి ఇప్పటికీ చాలామంది తికమక పడతారు. మా గదిలో కూడా ఒకడు ఈయన మనవాడెలా అవుతాడని గట్టిగా అడిగాడు. విషయం ఏమిటంటే, వాళ్ళ కుటుంబ గురువు ఆయన పేరును భాగ్యరెడ్డిగా మార్చారు. రెడ్డి అనే మాట రేడు నుంచి, అంటే ఏలికనుంచి వచ్చిందని, ఈ నేల మొదట ఏలినవాళ్ళం మనమే కాబట్టి ఆ పేరు మనకు తగునని గురువుగారి వాదన. వర్మ అనేది ఆయన సేవకు మెచ్చి 1913లో ఆర్యసమాజం వారు ఇచ్చిన బిరుదు. పుట్టుకతో అంటగట్టిన పేరును మార్చుకోవడం ఆయన జీవితంలో ఇలా ఇంట్లోనే మొదలైంది. తర్వాత అది ఒక జాతి మొత్తానికి పాకింది.

చిన్నతనంలో సికింద్రాబాద్‌లో ఒక బారిస్టర్ ఇంట పనికి కుదిరారు. ఆ ఇంట్లోనే నాలుగు అక్షరాలు, లోకజ్ఞానం అబ్బాయి. పెద్ద చదువులు ఆయనకు లేవు. మా నాన్నకు సంతకం తప్ప రాయడం రాదు, మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు పేజీ తిప్పకుండా కాసేపు అక్కడే ఆగాం.

1906లో, అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో, జగన్మిత్ర మండలి స్థాపించారు. ఆ మండలి పని చూస్తే మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఊరేగింపులు లేవు, మహజర్లు లేవు. వాడల్లో భజనలు, హరికథలు పెట్టించి జనాన్ని ఒకచోట కూర్చోబెట్టడమే పని. హరికథ వినడానికి వచ్చినవాళ్ళ మధ్యనే తాగుడు గురించి, జంతుబలుల గురించి, చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేయడం గురించి, ఆడపిల్లలను దేవుడి పేరున వదిలేసే జోగిని దురాచారం గురించి మాట తీసేవారు. తప్పు చేస్తున్నారని పైనుంచి చెప్పడం వేరు, పక్కన కూర్చుని మన ఇంట్లో ఇలా ఎందుకు జరుగుతోందని అడగడం వేరు. ఆయన రెండోది ఎంచుకున్నారు. 1911లో మండలి మన్య సంఘంగా మారింది. తర్వాతి కాలంలో అదే ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది.

నిజాం రాజ్యంలో సభ పెట్టడం తేలిక కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1929లో వచ్చిన గస్తీ నిశాన్ 53 తర్వాతైతే ముందు అనుమతి లేకుండా సభ జరపడానికి వీల్లేదు. అలాంటి చోట ఆయన మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని చెబుతారు. లెక్క కాస్త అటూ ఇటూ అయినా, ఒక మనిషి జీవితమంతా మాట్లాడుతూనే గడిపాడని అర్థమవుతుంది.

ఆయన మాట ఎంత దూరం పోయిందో చూడాలంటే 1917 నవంబరులో బెజవాడ పోవాలి. గూడూరు రామచంద్రరావు గారి పూనికతో నవంబరు 4 నుంచి 6 వరకు అక్కడ ఒక మహాసభ జరిగింది. ఆహ్వానాల్లో దాని పేరు ఆంధ్రదేశ ప్రథమ పంచమ మహాసభ. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ గారు. అధ్యక్షుడై వచ్చినవాడు పిలిచిన పేరు మీదే అభ్యంతరం చెప్పాడు! పంచములు అనే మాటకు పురాణాల్లో గానీ శాస్త్రాల్లో గానీ ఆధారం లేదని, ఈ నేలకు మొదటివాళ్ళం మనమే కాబట్టి మనం ఆది ఆంధ్రులమని ఆయన వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. ఆ మూడు రోజులూ కొండమీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చెప్పుకుంటారు. వేలాదిమంది మనవాళ్ళు ఊళ్ళోకి వచ్చారని అంత భయం.

పేరులో ఏముందని కొందరంటారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ అనే మాట తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే మాటలు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో మనవాళ్ళను ఆది హిందువులుగా రాసుకున్నారు. సర్కారు కాగితం మీద మన పేరు మనం చెప్పుకున్నట్టు పడడానికి ఇంత కాలం, ఇంత మాట పట్టింది.

బడుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో మొదటి బడులు తెరిచారు. పై బడుల్లో అంతా ఉర్దూ నడిచే ఆ రోజుల్లో ఇవి తెలుగు బడులు. తర్వాత అవి ఇరవైకి పైగా పెరిగి, సుమారు 2,500 మంది పిల్లలు చదివారు. 1934లో సర్కారు వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఈ రోజు మనకు ఉచితంగా దొరుకుతున్న మంచం, కంచం, పుస్తకం వెనక ఆ గల్లీ బడులు కూడా ఉన్నాయని మేము నమ్ముతాం.

రాయ్ బాలముకుంద్, వామన్ నాయక్ వంటి పైకులాల పెద్దలను కూడా ఆయన తన సంస్థలోకి తెచ్చి కూర్చోబెట్టారు. ఇది కొందరికి నచ్చలేదు. మాకైతే తప్పనిపించలేదు, ఎందుకంటే వాళ్ళ ముందు కూడా తన మాట తగ్గించుకున్న మనిషి కాదు. 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత సభకు అధ్యక్షత వహించి, రౌండ్ టేబుల్ సమావేశానికి మన తరఫున అంబేద్కర్ గారే వెళ్ళాలని బలపరిచారు. తనకంటే చిన్నవాడిని ముందు నిలబెట్టడం అందరు నాయకులకూ చేతకాదు.

ఇక దాచకుండా చెప్పాల్సినది ఒకటుంది. ఆది హిందూ సంఘాల్లో మాలలదే పైచేయి అని మాదిగ సోదరులకు బాధ కలిగింది. 1931లో వాళ్ళు హైదరాబాద్‌లో వేరుగా అరుంధతీయ సంఘం పెట్టుకున్నారు. అరిగె రామస్వామి వంటి నాయకులతోనూ ఆయనకు పొసగలేదు. పొగడ్త వ్యాసాల్లో ఈ భాగం ఉండదు. రెండు వర్గాలకూ కలిపి ఆది హిందువులని పేరు పెట్టిన మనిషి, ఆ రెండింటినీ ఒక చాప మీద చివరిదాకా కూర్చోబెట్టలేకపోయాడు. వాళ్ళ బాధ ఉత్తిది కాదు, ఈయన శ్రమ కూడా ఉత్తిది కాదు. 1931లోనే మొదలైన తన భాగ్యనగర్ పత్రికలో వెట్టి మాదిగ అనే కథ రాసింది ఈయనే. పటేలు, పట్వారీల కింద వెట్టి చేసే మాదిగవాడి బతుకును తన కథగా రాసుకున్నాడంటే, ఆ చాప మీద ఖాళీ ఆయనకూ కనబడుతూనే ఉందని మాకనిపిస్తుంది.

ఆ కథ సంగతి మేము మెస్సులో అవతలి వరసలో కూర్చునే మిత్రుడికి చెప్పాం. నెల తర్వాత వాడితో మాట్లాడిన మొదటి మాట అదే. వాడు వెంటనే వాదనకు దిగాడు, మాలవాడు మాదిగ కథ రాయడమేమిటని. మేమూ తగ్గలేదు. ఆ వాదన రెండు రోజులు నడిచింది, కానీ ఈసారి ఒకే బల్ల మీద కూర్చుని నడిచింది. మూడో రోజు అందరం కలిసి పప్పు గురించి అడగడానికి వెళ్ళాం. వర్గీకరణ మీద మా ఇద్దరికీ ఇప్పటికీ ఒకే అభిప్రాయం లేదు.

చివరి సంవత్సరాల్లో వర్మ గారు బుద్ధుడి మార్గం వైపు మొగ్గారు, బుద్ధ జయంతి జరిపించారు. యాభై ఒక్కటి నిండకుండానే 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆయన సభలకు నిలువ నీడగా ఉన్న ఆది హిందూ భవన్ చాదర్‌ఘాట్‌లో ఉంది. హైదరాబాద్‌కు కోచింగుకో ఇంటర్వ్యూకో వచ్చే తమ్ముళ్ళు ఒక పూట వీలు చూసుకుని వెళ్ళి చూసి రండి.