గోపాలకృష్ణ గోఖలేగారు

చదువు కలిగినవారి సొత్తని తలంచువారును, అది ప్రతి శిశువునకును చెందవలసిన హక్కని తలంచువారును ఏ కాలమునందైనను గలరు. ఈ రెండవ పక్షమును భారతదేశపు శాసనసభలో నిలిపి, లెక్కలతో వాదించి, ఓటమి కలుగునని యెరిగియు వెనుదీయని మహనీయులు గోపాలకృష్ణ గోఖలేగారు. వారి చరితము విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగినది.

వీరు 1866వ సంవత్సరము మే నెల 9వ తేదీన, బొంబాయి రాజధానిలోని రత్నగిరి జిల్లా యందలి కోట్లుకు గ్రామమున, ఒక బీద బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి కృష్ణారావుగారు కొల్లాపురమునకు సమీపముననున్న కాగల్ సంస్థానమున చిన్న యుద్యోగము చేయుచుండిరి. గోపాలుడు పదుమూడేండ్ల బాలుడై యుండగనే తండ్రి గతించెను. అంతట అన్న గోవిందరావు తన చదువు మానుకొని, నెలకు 15 రూపాయల జీతముపై కొలువున చేరెను. అందులో 8 రూపాయలు తమ్ముని చదువునకై పంపి, మిగిలిన 7 రూపాయలతో సంసారము నీడ్చెను. తమ్ముడా ధనమును వ్యర్థము చేయలేదు. తన వంట తానే చేసికొని, దీపపు నూనె ఖర్చు మిగుల్చుటకై వీథిదీపముల క్రింద చదువుకొని, 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి.ఏ. పట్టము పొందెను. ఒకే తల్లి బిడ్డలలో ఒకనికి చదువు దక్కుటకై వేరొకడు చదువు విడువవలసి వచ్చుట యెట్టిదో గోఖలేగారికి బాల్యముననే తెలిసెను.

పట్టభద్రులకు పెద్ద యుద్యోగములు సులభముగ లభించుచుండిన ఆ దినములలో, వీరు పూనాలోని దక్కను విద్యాసంఘమున చేరి, స్వల్ప వేతనముపై ఇరువది యేండ్లు బోధించుటకు కట్టుబడిరి. వారి జీతము నెలకు 75 రూపాయలు. ఫెర్గుసన్ కళాశాలలో గణితము, ఆంగ్లము, చరిత్ర, అర్థశాస్త్రము బోధించిరి. వీరు రచించిన అంకగణితము అనేక పాఠశాలలలో పాఠ్యగ్రంథమయ్యెను. ఆ కాలముననే మహాదేవ గోవింద రానడేగారికి శిష్యులై, ప్రభుత్వపు నివేదికలను పంక్తి పంక్తియు పరిశీలించుట నేర్చుకొనిరి. 1897లో లండనునగరమున వెల్బీ సంఘము నెదుట భారతదేశపు ఆదాయవ్యయములను గూర్చి సాక్ష్యమిచ్చినపుడు ఆ విద్య చక్కగ నక్కరకు వచ్చెను.

1902లో వీరు రాజప్రతినిధి శాసనసభలో సభ్యులై, మార్చి నెలలో తమ మొదటి ఆయవ్యయోపన్యాసము చేసిరి. ఆ సంవత్సరము ప్రభుత్వమునకు పెద్ద మిగులు చూపబడెను. అధికారులు దానిని దేశక్షేమమునకు గురుతుగ జెప్పుచుండిరి. గోఖలేగారు ఆ లెక్కలనే చేతబట్టి, కరవుచేతను ప్లేగుచేతను ప్రజలు నశించుచున్నపుడు బొక్కసము నిండుట, అవసరమునకు మించి పన్నులు వసూలు చేయుటకు గురుతుగాని, ప్రజల భాగ్యమునకు గురుతుగాదని నిరూపించిరి. సభ్యులు ఆయవ్యయ పట్టికను చర్చింపవచ్చునేగాని, దానిపై సమ్మతి తెలుపు నధికారము వారికి నాడు లేదు. అయినను వారి వాదము వ్యర్థము కాలేదు. మణుగునకు రెండున్నర రూపాయలుగ నుండిన ఉప్పుపన్ను 1903 మొదలు క్రమముగ తగ్గి, 1907లో ఒక్క రూపాయయ్యెను. కూలివాని గంజిలోని ఉప్పునకు వారి లెక్క యంతవరకు తోడ్పడినది.

ఇట్లు మిగిలిన ధనమును దేనికి వినియోగింపవలెను? ఈ ప్రశ్నకు గోఖలేగారి ప్రత్యుత్తరము ప్రాథమిక విద్యయే. 1911 జనాభా లెక్కల ప్రకారము దేశమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి సుమారు ఆరుగురు మాత్రమే. బరోడా సంస్థానమున సయాజీరావు మహారాజుగారు 1893లో అమ్రేలి ప్రాంతమునను, 1906లో సంస్థానమంతటను నిర్బంధ విద్యను నెలకొల్పిరి. ఒక సంస్థానము చేయగలిగిన దానిని సామ్రాజ్యమేల చేయజాలదని గోఖలేగారి ప్రశ్న.

1910 మార్చిలో ఈ విషయమున ఒక తీర్మానము తెచ్చి, 1911 మార్చి 16వ తేదీన ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టిరి. అది మిక్కిలి జాగరూకతతో కూర్చబడినది. అప్పటికే కొంతవంతు బాలురు బడికి వచ్చుచున్న తావులయందు, పురపాలక సంఘములును జిల్లా బోర్డులును ప్రభుత్వానుమతితో, ఆరు మొదలు పది యేండ్లవరకు గల బాలురకు చదువును నిర్బంధము చేయవచ్చును. బాలికలకు తరువాత విస్తరింపవచ్చును. కడు బీదలగు తలిదండ్రులు జీతము చెల్లింప బనిలేదు. ఖర్చులో మూడవవంతు స్థానిక సంఘములును, రెండువంతులు ప్రభుత్వమును భరింపవలెను.

దీనిపై వాదములు చెలరేగెను. ధనము లేదని కొందరు, ఉపాధ్యాయులు లేరని కొందరు, ప్రజలు కోరుటలేదని కొందరు పలికిరి. బిడ్డ పొలమున తోడుపడనిదే బీదవాని కుటుంబము గడవదనియు, నిర్బంధము వానికి శిక్ష యగుననియు మరికొందరు పలికిరి. ఈ చివరి మాట తేలికగ త్రోసివేయదగినది కాదు. గోవిందరావు చదువు మానినది ఆ కారణముననే గదా! అయినను ఆ బీదరికమునకు మందు అజ్ఞానము కాజాలదని గోఖలేగారి నిశ్చయము. దిగుమతి సుంకములను పెంచి ధనము కూర్పవచ్చునని వారు మార్గము చూపిరి. ఉప్పుపన్ను తగ్గించుటకై యేండ్ల తరబడి పోరాడిన వారే, బిడ్డల చదువునకై యగుచో దానిని కొంత పెంచుటకైనను ఒప్పుకొందుమనిరి. చదువునకు వారిచ్చిన విలువ దీనివలన తెలియుచున్నది.

1912 మార్చి 19వ తేదీన సమ్మతులు లెక్కించిరి. బిల్లునకు అనుకూలముగ 13, ప్రతికూలముగ 38. ఎదిరించినవారిలో అధికారులేగాక భారతీయ సభ్యులును గలరు. ఓటమి తప్పదని ముందే యెరిగినందున గోఖలేగారు కుపితులు కాలేదు. తాము 1905లో స్థాపించిన భారత సేవాసంఘపు పనిలోను, దక్షిణాఫ్రికాలోని భారతీయుల కష్టనివారణములోను శ్రమించి, ఆరోగ్యము చెడి, 1915 ఫిబ్రవరి 19వ తేదీన 48 యేండ్ల ప్రాయమున పూనాలో స్వర్గస్థులైరి. గాంధీమహాత్ముడు వీరిని తన రాజకీయ గురువుగ నెంచెను.

వారు నాటిన విత్తనము చావలేదు. 1918లో బొంబాయి రాజధానిలోను, 1920లో మన ఆంధ్ర జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానిలోను ప్రాథమిక విద్యా శాసనములు వెలసెను. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు శాసనము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలబాలికలందరికిని ఉచిత విద్య హక్కయ్యెను. గోఖలేగారి బిల్లు ఓడిన పిదప 98 యేండ్లు గడచెను.

బాలబాలికలారా! మీరు గంట కొట్టగనే కూర్చుండు ఆ బల్లకొరకు ఒకప్పుడు ఒక ఉపాధ్యాయుడు నిండుసభలో వాదించి యోడిపోయెను. మీ యింట మీకై తన సుఖమును విడిచిన తల్లియో, తండ్రియో, అన్నయో, అక్కయో ఉండవచ్చును. వారిని మరువకుడు. బడికి రాజాలని పొరుగింటి బిడ్డ యెవరైన నున్నచో, ఆ బిడ్డ చేయి పట్టుకొని తోడితెండు. గోఖలేగారికి మనము చెల్లింపదగిన ఋణము అదియే.