పీప్స్ గారి పుస్తకాల మీది చీటీ

మన బడి గ్రంథాలయంలో ఏ పుస్తకం తెరిచినా ఊదారంగు రబ్బరు స్టాంపు కనిపించేది. అట్ట ఊడిపోయినా అది ఎవరి సొత్తో తెలిసిపోయేది. ఐరోపాలో ఈ పనికి అందమైన బొమ్మ చీటీ ఉండేది. పేరో, వంశ చిహ్నమో రాగిరేకు మీద చెక్కించి, అచ్చు తీయించి, అట్ట లోపల అతికించేవారు. దాన్ని బుక్‌ప్లేట్ అంటారు. అలాంటివి చేయించుకున్నవారిలో నాకు ఇష్టమైన మనిషి శామ్యూల్ పీప్స్.

ఆయన 1633లో లండన్‌లో ఒక దర్జీ ఇంట పుట్టారు. సెయింట్ పాల్స్ బడిలోనూ, కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలోనూ చదివారు. 1660లో నౌకాదళ కార్యాలయంలో చేరి, ఆ శాఖ కార్యదర్శి దాకా ఎదిగారు. 1666లో లండన్ తగలబడినప్పుడు ఆయన చదివిన బడి బూడిదైంది. పక్కనే చర్చి నేలమాళిగలో వ్యాపారులు దాచుకున్న పుస్తకాలూ కాలిపోయాయి. ఆ ఏడాది వేసవిలోనే ఆయన తన పుస్తకాలకు అద్దాల బీరువాలు చేయించడం మొదలుపెట్టారు. చివరికి అవి 12 అయ్యాయి. పుస్తకాలను ఎత్తు ప్రకారం సర్ది, పొట్టివాటి కింద చెక్కముక్కలు పెట్టించారు. చాదస్తమే, కాదనను.

బుక్‌ప్లేట్లూ ఒకటి కాదు. ఒకదాని మీద నెల్లర్ గీసిన ఆయన ముఖచిత్రాన్ని రాబర్ట్ వైట్ చెక్కాడు. ఇంకొకదాని మీద రెండు లంగర్లు, తాళ్లు, పేరులోని పొడి అక్షరాలు. నౌకాదళం మనిషి కదా!

పిల్లలు లేరు. 1703లో కన్నుమూస్తూ 3,000 పుస్తకాలను మేనల్లుడికి అప్పగించారు. అతని తరువాత అవి తాను చదివిన కళాశాలకే చేరాలని కోరారు. ఒక్కటి చేర్చకూడదు, ఒక్కటి తీయకూడదు. ఏటా ట్రినిటీ కళాశాల వారు వచ్చి తనిఖీ చేయాలి. షరతు తప్పితే మొత్తం ట్రినిటీ పాలు! 1724లో పుస్తకాలు బీరువాలతో సహా మాడ్లిన్ చేరాయి.

వాటిలో ఆరు సంపుటాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసినవి. అవి 1660 నుంచి ఆయన రాసుకున్న దినచర్య. చూపు పోతుందన్న భయంతో 1669లో ఆపేశారు. వందేళ్లు దాన్ని ఎవరూ పూర్తిగా చదవలేదు. 1819లో జాన్ స్మిత్ అనే విద్యార్థి కూర్చుని, మూడేళ్లపాటు అక్షరం అక్షరం విప్పాడు. 1825లో కొంత భాగం అచ్చయింది. సంపుటాలు చెల్లాచెదురై ఉంటే స్మిత్ చేతికి ఏమి చిక్కేది?

ఊదారంగు స్టాంపు ఉన్న పుస్తకం ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు తెస్తాను.