వినలేని వారి బోధకుడు: థామస్ హాప్కిన్స్ గాలడెట్ (1787–1851)

దెకపొలి ప్రాంతమున ప్రభువు చెవిటివానిని జనసమూహములోనుండి ఏకాంతమునకు తోడుకొనిపోయి స్వస్థపరచిన సంగతిని మార్కు సువార్త తెలుపుచున్నది. అయినను సువార్త వినికిడి ద్వారానే అందవలసినదని తలంచి, చెవిటివారిని దానికి దూరస్థులుగా ఎంచిన కాలములు సంఘ చరిత్రలో లేకపోలేదు. ఆ తలంపునకు తన జీవితముతో బదులు చెప్పిన దైవసేవకుడు థామస్ హాప్కిన్స్ గాలడెట్.

ఆయన 1787 డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించి, కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డ్‌లో పెరిగెను. దేహము బలహీనమైనను బుద్ధి చురుకైనది. 17 ఏండ్ల ప్రాయమున యేల్ కళాశాల పట్టము పొందెను. 1814లో ఆండోవర్ వేదాంత పాఠశాలలో శిక్షణ ముగించెను. ప్రసంగపీఠము ఆయన కొరకు ఎదురుచూచుచుండెను.

ఆ సంవత్సరమే, పొరుగింటి వైద్యుడు మేసన్ కాగ్స్‌వెల్ కుమార్తె ఆలిస్‌ను ఆయన గమనించెను. పసితనమున జ్వరము వలన వినికిడిని పోగొట్టుకొనిన ఆ బాలికకు అప్పుడు సుమారు తొమ్మిదేండ్లు. ఆయన తన టోపీని ఆమెకు చూపి, దాని పేరులోని అక్షరములను నేలపై వ్రాసెనని చెప్పుదురు. ఆ గీతలు ఆ వస్తువు పేరేనని బాలిక గ్రహించెను. మూయబడిన మనస్సు కాదది, ఎవరును తట్టని తలుపు మాత్రమే.

అప్పటికి అమెరికాలో చెవిటి పిల్లలకు స్థిరమైన పాఠశాల లేదు. కాగ్స్‌వెల్ మిత్రులు చందాలు వేసి, బోధనా పద్ధతి నేర్చుకొనుటకు 1815లో గాలడెట్‌ను ఐరోపాకు పంపిరి. బ్రిటనులో ఆ విద్యను చేతబట్టుకొనిన బ్రెయిడ్‌వుడ్ కుటుంబమువారు, ఆయన తమయొద్ద ఏండ్ల తరబడి సహాయకుడుగా పనిచేయవలెననియు, పద్ధతిని రహస్యముగా ఉంచవలెననియు కోరిరి. దిక్కులేని బిడ్డలకు చేరవలసిన దానిని దాచిపెట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు. లండనులో ఫ్రెంచి గురువు సికార్ పరిచయమై, ఆయనను పారిసులోని తన పాఠశాలకు ఆహ్వానించెను. అక్కడ అందరికిని తెరచియున్న విద్య దొరికెను.

అక్కడి ఉపాధ్యాయుడు లోరాన్ క్లెర్ తానును చెవిటివాడే. 1816లో వారిరువురు ఓడయెక్కిరి. 52 దినముల ప్రయాణములో గాలడెట్ ఆంగ్లము నేర్పగా, క్లెర్ సంజ్ఞాభాష నేర్పెను. ప్రొటెస్టంటు వేదాంత పట్టభద్రుడు చెవిటివాడైన కతోలికుని యెదుట శిష్యుడై కూర్చుండెను. ఆ తగ్గింపు లేనియెడల తరువాతి కార్యము జరిగియుండెడిది కాదు.

1817 ఏప్రిల్ 15వ తేదీన హార్ట్‌ఫర్డ్‌లో ఏడుగురు విద్యార్థులతో పాఠశాల తెరువబడెను. మొదటి విద్యార్థిని ఆలిస్. అంతకుముందే కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లు మంజూరు చేసెను. 1819లో అమెరికా కాంగ్రెసు భూమిని దానమిచ్చెను. ఇట్లు వికలాంగ బాలుర విద్య ధనవంతుల గృహములను దాటి, ప్రజల ధనముతో ప్రజల బాధ్యతగా పరిణమించుటకు బాట ఏర్పడెను. గాలడెట్ ప్రతిదినము సంజ్ఞలతో ప్రార్థన నడిపించి, వాక్యమును బోధించెను. 1821లో తన పూర్వ విద్యార్థినియైన సోఫియా ఫౌలరును వివాహమాడెను. వారికి ఎనిమిదిమంది సంతానము.

1830లో ప్రధానోపాధ్యాయ పదవిని విడిచిన పిమ్మట కూడ ఆయన విస్మరింపబడినవారినే వెదకెను. 1838 మొదలు మరణపర్యంతము హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక రోగుల ఆశ్రమమునకు ఆత్మీయ సేవకుడుగా నుండెను. 1851 సెప్టెంబరులో ప్రభువునందు నిద్రించెను. పెద్ద కుమారుడు థామస్ 1852లో న్యూయార్కునందు చెవిటివారికి సంఘమును స్థాపించెను. చిన్న కుమారుడు ఎడ్వర్డ్ నడిపిన వాషింగ్టను విద్యాలయమునకు 1864లో ఉన్నత పట్టములిచ్చు అధికారము లభించెను. 1894లో ఆ కళాశాలకు తండ్రి పేరు పెట్టబడెను.

వినలేనివారు మన భాష నేర్చుకొని మనయొద్దకు రావలెనని ఎదురుచూచుట సులభము. గాలడెట్ వారి భాష నేర్చుకొని వారియొద్దకు వెళ్లెను. వాక్యము శరీరధారియై మనయొద్దకు దిగివచ్చినదని ఒప్పుకొను సంఘమునకు ఇది క్రొత్త మార్గము కాదు. మన ఆరాధనలలో పెదవుల కదలికను మాత్రమే చూచుచు వెనుక వరుసలో కూర్చుండు బిడ్డ యెవరో కనుగొని, ఆ బిడ్డ యొద్దకు నడచుటకు ప్రభువు మనకు కృప ననుగ్రహించునుగాక.