వి.వి. గిరి

వరాహగిరి వేంకటగిరి 1894లో, నేడు ఒడిశాలో ఉన్న బరంపురంలో, తెలుగు కుటుంబంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. సంఘంలో చేరినందుకు వేలాది కార్మికులను యజమానులు పనిలోకి రానివ్వని సంవత్సరమది. కార్మికనేత జేమ్స్ కానలీ ఆశయాలు గిరిని ఆకర్షించాయి. 1916లో స్వదేశానికి తిరిగివచ్చారు.

న్యాయవాది అయినా ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పక్షాన నిలిచారు. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారంలో కంపెనీ అనేకమందిని తొలగించింది. కార్మికులు పోరాటానికి దిగారు. జీతాలు లేని నెలలలో వారిని కలిసికట్టుగా నిలపడం తేలిక కాదు. గిరి ఆ భారం వహించారు.

1952లో కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ నిర్ణయించిన జీతాలను ప్రభుత్వం తగ్గించగా, 1954లో పదవిని వదులుకున్నారు. బళ్ళారి చేరిన మైసూరు రాష్ట్రానికి 1965 నుండి 1967 వరకు గవర్నరుగాను, 1969లో రాష్ట్రపతిగాను అయ్యారు. ఆ పదవులకన్నా 1954 నాటి రాజీనామాయే ఆయన స్వభావాన్ని ఎక్కువగా తెలుపుతుంది. 1980లో మద్రాసులో మరణించారు.