థామస్ యంగు మహాశయుడు

థామస్ యంగు 1773వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఇంగ్లండు దేశమునందలి మిల్వర్టన్ గ్రామమున, క్వేకరు మతస్థుల యింట జన్మించెను. పదిమంది సంతానములో జ్యేష్ఠుడు. రెండేండ్ల ప్రాయముననే చదువ నేర్చెను. వృత్తిచే వైద్యుడు.

ఆ కాలమున కాంతి అతిసూక్ష్మకణముల ప్రవాహమను న్యూటను మతమునకు ఎదురు చెప్పువారు అరుదు. యంగు మాత్రము అది నీటి అలవంటిదని తలచెను. మన చెరువులో రెండు రాళ్లు ఒక్కసారి వేసి చూడుడు. రెండు అలల శిఖరములు కలిసినచోట నీరు మరింత లేచును. ఒకదాని శిఖరము మరియొకదాని పల్లముతో కలిసినచోట నీరు కదలక నిలుచును. కాంతియు అలయే యైనచో, వెలుతురునకు వెలుతురు చేరి చీకటి కావలెను గదా! వినుటకు విపరీతమైన ఈ మాటను ఆయన చేసి చూపెను.

1803 నవంబరు 24న లండను రాయల్ సొసైటీలో చదివిన వ్యాసమున ఆ ప్రయోగము కలదు. కిటికీ తలుపు రంధ్రమునకు దళసరి కాగితమంటించి, దానిని సూదితో పొడిచి, ఆ దారిని వచ్చు ఎండకు అంగుళములో ముప్పదవ వంతు వెడల్పుగల అట్టముక్కను అడ్డుపెట్టెను. దాని నీడలో వెలుగు చారలును చీకటి చారలును ఏర్పడెను. అట్టకు ఒక ప్రక్కనుండి వచ్చు కాంతిని ఆపినంతనే నీడలోని చారలన్నియు మాయమయ్యెను! రెండవ ప్రక్క వెలుతురు మునుపటివలెనే యున్నను అవి నిలువలేదు. అనగా చారలు పుట్టుటకు రెండు ప్రక్కల కాంతియు కలియవలెను.

ఇంత చేసినను దక్కినది ఎగతాళియే. ఎడింబరో రివ్యూ పత్రికలో హెన్రీ బ్రూము ఆయన వ్యాసములను తీవ్రముగా నిందించెను. 1804లో యంగు సమాధానముగా చిన్న పుస్తకమచ్చొత్తించగా, అమ్ముడుపోయినది ఒకే ఒక్క ప్రతి యని ఆయనయే చెప్పుకొనెనట. కొన్న పుణ్యాత్ముడెవరో కాని, అట్టివానిని మన గ్రంథాలయమున చందాదారుగా చేర్చుకొనదగును.

యంగు కలము ఆపలేదు. 1807లో ప్రకటించిన ఉపన్యాసములందు జంట చీలికల సంగతి వివరించెను. సన్నని చీలిక దూరిన కాంతి సూటిగా పోక ఇరుప్రక్కలకు వ్యాపించును. చీలిక యెంత సన్ననిదో వ్యాప్తి అంత హెచ్చు. ఇది వివర్తనము. అట్లు వ్యాపించిన రెండు కాంతులును తెరపై కలియును. నడిమి చోటికి రెండు దారులును సమానము గనుక అచట వెలుగు. ప్రక్కకు జరుగగా, ఒక దారి రెండవదానికంటె అర అలపొడవు ఎక్కువైనచోట చీకటి. పూర్తి అలపొడవు ఎక్కువైనచోట మరల వెలుగు. ఇది వ్యతికరణము. పలు ప్రయోగముల కొలతలను పోల్చి, ఎరుపు కాంతి అలపొడవు అంగుళములో సుమారు 36,000వ వంతనియు, ఊదా కాంతిది 60,000వ వంతనియు లెక్కగట్టెను. నేటి కొలతలకును ఇవి దూరము కావు.

ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఫ్రెనెల్ వేరుదారిని ఇదే నిర్ణయమునకు వచ్చి, గణితముతో దానిని స్థిరపరచి, 1819లో పారిస్ అకాడమీ బహుమతి పొందెను. అప్పుడుగాని లోకము యంగు మాటకు చెవియొగ్గలేదు. కాంతికి కణస్వభావమును కలదని 20వ శతాబ్దమున తేలినను, ఆ చారలకు ఆయన చెప్పిన కారణము చెదరలేదు.

ఈలోగా యంగు ఈజిప్టు దేశపు రొసెట్టా శిలాశాసనమును చదువుటకు పూనుకొని, కొన్ని అక్షరముల గుట్టు విప్పెను. 1829 మే 10న లండనులో, ఏబదియైదేండ్ల వయసున కన్నుమూసెను.