శంభుదాసుడు నరసింహస్వామి కథ రాశాడు: ఎర్రన బిరుదుల వెనక కథ



కురిచేడు, మార్కాపురం వైపు ఒక విశేషం ఉంది. త్రిపురాంతకంలో శివుడికి దణ్ణం పెట్టుకుని, అదే రోజు మార్కాపురం చెన్నకేశవుడి దర్శనం కూడా చేసుకుని ఇంటికొచ్చేస్తాం. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే ప్రశ్నే రాదు. ఈ మనసుని 14వ శతాబ్దంలోనే చూపించిన కవి ఎర్రాప్రగడ, మనం ప్రేమగా పిలుచుకునే ఎర్రన.

కందుకూరు దగ్గర గుడ్లూరు ఆయన ఊరు అని చెప్తారు. తండ్రి సూరన, తల్లి పోతమాంబ, గురువు శంకరస్వామి. పరమ శివభక్తుడు కాబట్టే శంభుదాసుడు అనే పేరొచ్చింది. కానీ ఆయన రాసినవేంటి? విష్ణు కథలైన హరివంశం, నృసింహపురాణం! తాతగారు కలలో కనిపించి చెప్పడంతో నృసింహపురాణం మొదలుపెట్టి, అహోబిల నరసింహుడికే అంకితమిచ్చారు. అందులోని వర్ణనలు తర్వాతి ప్రబంధ కవులకి దారి చూపించాయి. ప్రబంధ పరమేశ్వరుడు అనే బిరుదు ఆయనకి అలా సరిపోయింది.

ఆయన్ని ఆదరించిన రాజు అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. శ్రీశైలానికీ అహోబిలానికీ రెండిటికీ మెట్లు కట్టించిన రాజు ఈయనే. రాజూ కవీ ఒకటే దారి అన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. 11వ శతాబ్దంలో నన్నయ మహాభారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు పూర్తి చేశారు కానీ, ఆ మిగిలిన ముక్క ముట్టుకోలేదు. ముట్టుకుంటే కీడు అని జనంలో భయం ఉండేదట. దాన్ని ఎర్రన పూర్తి చేశారు. నన్నయ శైలిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన శైలిలోకి తీసుకొచ్చి, అతుకు కనపడకుండా కలిపేశారు.  నన్నయ పేరుతోనే రాసి, నన్నయని పోషించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వేరేవాళ్ళు సగంలో వదిలేసిన కోడ్‌లో రెండు లైన్లు సరిచేసినా, అది నేనే చేశానని మేనేజర్‌కి తెలియాలనుకుంటా. ఎర్రన మాత్రం ఆ ఘనతని నన్నయకే ఇచ్చారు. అయినా 700 ఏళ్ళ తర్వాత కూడా కవిత్రయంలో మూడో పేరు ఆయనదే.

ఈసారి త్రిపురాంతకం వెళ్తే, శంభుదాసుడిని కూడా ఒక్కసారి తలుచుకోండి.

ఓం నమః శివాయ. ఓం నమో నారసింహాయ.