ప్రళయం తేదీ చెప్పారు.. ఆ రోజు దాటిపోయింది! విలియం మిల్లర్‌ను నమ్మినవాళ్లు ఏమయ్యారు?

1844 అక్టోబర్ 22. క్రీస్తు ఆ రోజే దిగి వస్తాడని, ఈ లోకం అంతమవుతుందని నమ్మి అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో వేలాది మంది ఎదురుచూశారు. అర్ధరాత్రి దాటింది.. తెల్లారింది.. ఏమీ జరగలేదు. చరిత్రలో ‘మహా నిరాశ’గా నిలిచిపోయిన ఆ ఘటన వెనకున్న పేరు విలియం మిల్లర్.

రైతు నుంచి బోధకుడిగా..

మిల్లర్ 1782లో మసాచుసెట్స్‌లో పుట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్‌లో పెరిగి, వ్యవసాయం చేశారు. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధంలో కెప్టెన్‌గా పోరాడారు. తిరిగొచ్చాక బైబిల్ అధ్యయనంలో మునిగిపోయారు. దానియేలు గ్రంథంలోని 2,300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కగట్టారు. 1843 ప్రాంతంలో రాకడ అని తేల్చారు. 1831లో బోధించడం మొదలుపెట్టారు. బోస్టన్ పాస్టర్ జాషువా హైమ్స్ పత్రికలు పెట్టి ప్రచారం చేయడంతో ఆయన పేరు మారుమోగిపోయింది.

తేదీ మారింది.. నష్టం పెరిగింది

మిల్లర్ చెప్పిన గడువు 1844 మార్చి 21తో ముగిసింది. లెక్క తప్పిందని ఆయన బహిరంగంగానే ఒప్పుకున్నారు. అయితే అక్కడితో ఆగలేదు. శామ్యూల్ స్నో అనే మరో బోధకుడు అక్టోబర్ 22 అంటూ కొత్త తేదీ చెప్పారు. మొదట్లో ఒప్పుకోని మిల్లర్ కూడా చివరి రోజుల్లో సరేనన్నారు. ఈసారి కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. కొందరు ఉన్న ఆస్తి పంచేశారు.

మళ్లీ బతుకు మొదలు

తెల్లారాక మిగిలింది ఖాళీ చేతులు, ఊరివాళ్ల ఎగతాళి. పైగా చలికాలం ముంచుకొస్తోంది. ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్లను ఆదుకోవాలని హైమ్స్ తోటి విశ్వాసులను కోరారు. కొందరు పాత చర్చిలకు తిరిగెళ్లారు. కొందరు విశ్వాసమే వదిలేశారు. ఇంకొందరు కొత్త తేదీలు పట్టుకుని మళ్లీ మళ్లీ దెబ్బతిన్నారు. మరికొందరు బైబిల్‌ను తిరిగి చదువుకుని కొత్త దారి వెతుక్కున్నారు. ఆ వర్గం నుంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘం ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ సంఘం ఉంది.

మిల్లర్‌నూ సొంత బాప్టిస్ట్ సంఘం 1845లో వెలివేసింది. తప్పు జరిగిందని ఒప్పుకున్నా, రాకడ దగ్గర్లోనే ఉందన్న నమ్మకాన్ని ఆయన వదల్లేదు. 1848లో ఇంటి దగ్గరే చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. 1849 డిసెంబర్ 20న, 67 ఏళ్ల వయసులో, ఎదురుచూస్తూనే కన్నుమూశారు.